లోపలి మాట బయటపెట్టాలంటే ఇంగ్లీషా, పోర్చుగీసా?

నల్లగొండ మనిషికి పోర్చుగీసుతో ఏం పని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. పని ఉంది. మన వైపు మందుల కంపెనీల్లో, ముఖ్యంగా జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో, క్వాలిటీ విభాగంలో చేసేవాళ్లని అడిగి చూడండి. బ్రెజిల్ మందుల నియంత్రణ సంస్థ అన్వీసా పేరు వాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు చేసే మన పిల్లల్లో కొందరి టీమ్ సావో పౌలోలో ఉంటుంది, మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి పోర్చుగల్ పోయి, ఒదెమీరాలో బెర్రీ పండ్ల షెడ్లలోనో, లిస్బన్‌లో హోటల్ కిచెన్‌లోనో చేస్తున్నవాళ్లు నాకు తెలుసు.

నేను నల్లగొండలో స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను. ఇలా పోయేవాళ్ల కోసం పోర్చుగీసు కూడా నేర్చుకుని చెబుతున్నాను. పని మాటలకు వీళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. బాక్సులు ఎన్ని, జీతం ఎప్పుడు, బస్సు ఎక్కడ, ఇవన్నీ తొందరగానే పట్టుబడతాయి. ఇంటి మీద బెంగ, ఓనరు మీద కోపం, రూమ్మేట్ మీద అలక, ఒకరి మీద ఇష్టం, ఇలాంటి కడుపులో పెట్టుకున్న మాట చెప్పాల్సి వచ్చినప్పుడే నోరు పెగలదు. ఫోన్ చేసి అడుగుతారు: "సార్, ఇంగ్లీషుల చెప్పాల్నా, పోర్చుగీసుల చెప్పాల్నా?"

ఏది బాగా వస్తే దాంట్లో చెప్పడమే మేలని చాలామంది ఇంగ్లీషు వైపు పోతారు. నా లెక్క వేరు. ఏ భాష ఎంత వచ్చు అన్నది రెండో ప్రశ్న. చెప్పిన తర్వాత కూడా ఎంత దాచి ఉంచుకోవాలనుకుంటున్నారు అన్నది మొదటిది. కొంత చెప్పి కొంత మనసులోనే పెట్టుకోవాలంటే ఇంగ్లీషు మేలు. బరువు దించుకోవాలంటే పోర్చుగీసు, తప్పులు దొర్లినా సరే.

ఇంగ్లీషు మూత పెట్టే తీరు

ఇంగ్లీషులో దాచుకోవడానికి సరంజామా చాలా ఉంది. 'ఎ బిట్', 'కైండాఫ్', 'ఐ వాజ్ వండరింగ్', 'ఐయామ్ అఫ్రెయిడ్' లాంటివి తగిలిస్తే ఎంత మంట అయినా చల్లారినట్టు వినిపిస్తుంది. బ్రిటిష్ మనిషి 'ఐ వాజ్ ఎ బిట్ డిసపాయింటెడ్' అన్నాడంటే చాలాసార్లు బాగానే నొచ్చుకున్నాడని అర్థం. మనవాళ్లు ఆ 'ఎ బిట్' చూసి కొంచెమే కదా అనుకుంటారు. 'నాట్ బ్యాడ్' అన్నది కూడా అలాంటిదే, అది మెచ్చుకోలు కావచ్చు.

మనం ఇంగ్లీషును బళ్లో నేర్చాం, పరీక్షలో రాశాం, ఇంటర్వ్యూలో వాడాం. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చాక మన ఊళ్లల్లో పిల్లలకు అది ఇంకా ముందే పరిచయం అవుతోంది. అయినా ఆ భాషలో మనం ఏడ్చింది లేదు, తిట్టుకున్నది లేదు. అందుకే 'ఐ హేట్ యూ' అని మెసేజ్ కొట్టడం సులువు, 'నువ్వంటే అసహ్యం' అని రాయడం కష్టం. ఈ దూరం ఒక్కోసారి మేలే చేస్తుంది. ఇంట్లో పెళ్లి సంబంధం గురించి 'ఐయామ్ నాట్ రెడీ' అనే ఆడపిల్ల "నాకు ఇష్టం లేదు నాయనా" అని అనలేకపోవచ్చు. ఇంగ్లీషు ఆమెకు అడ్డుగోడ కట్టి ఇస్తుంది. అవతలివాళ్లకూ అంతే, కూతురు నోట తెగేసి వినాల్సిన అవసరం రాదు.

కాబట్టి ఆఫీసు విషయాల్లో, కోపం విషయంలో, పై అధికారితో తేడా వచ్చినప్పుడు నా ఓటు ఇంగ్లీషుకే, అది కూడా రాతలో. ఒక్క జాగ్రత్త. 'యాజ్ ఆల్రెడీ మెన్షన్డ్' అని మొదలుపెట్టకండి. పైకి మర్యాదగా ఉన్నా చదివేవాళ్లకు అది "ఇంతకుముందే చెప్పాను, కళ్లు కనపడలేదా" అన్నట్టు తగులుతుంది. కోపం దాచుకునేందుకు రాసిన మెయిల్‌లో కోపమే ముందు కనిపిస్తే ఇక ఆ కష్టం ఎందుకు?

పోర్చుగీసు ఎట్లా తెరుస్తుంది

పోర్చుగీసులో 'ఉన్నాను' అనడానికి రెండు క్రియలున్నాయి. 'సో త్రిష్త్' అంటే నేను స్వతహాగా విచారంగా ఉండే మనిషిని. 'ష్తో త్రిష్త్' అంటే ఇప్పుడు విచారంగా ఉన్నాను. నోరు తెరిచిన వెంటనే ఇది నా గుణమా, నాకు వచ్చిన కష్టమా అన్నది తేల్చుకోవాల్సిందే. ఇంగ్లీషు 'ఐయామ్ శాడ్'లో ఆ తేడా వినబడదు.

మూడోది ఇంకా పనికొచ్చేది, 'ఫికార్'. అది 'అయ్యాను' లాంటిది. 'ఫికెయ్ మగ్వాదు' అంటే నాకు నొప్పి తగిలింది, మనసు గాయపడింది అని. ఆడవాళ్లైతే 'ఫికెయ్ మగ్వాద'. ఇందులో నువ్వు నన్ను బాధపెట్టావన్న నేరారోపణ లేదు, నాకేమీ కాలేదన్న అబద్ధమూ లేదు. జరిగింది, నాకు ఇట్లా అయ్యింది, అంతే. మన తెలుగులో 'నాకు బాధ అయింది' అంటామే, దానికి బాగా దగ్గర. అందుకే మన పిల్లలు ఇంగ్లీషులో 'యూ హర్ట్ మీ' దగ్గర ఆగిపోయినా, పోర్చుగీసులో 'ఫికెయ్' దగ్గర ఆగరు. అదే ధోరణిలో 'ఫికెయ్ షతియాదు కొం ఇస్సు' అంటే ఆ విషయంతో నొచ్చుకున్నాను అని. 'ఇస్సు' అంటే అది, ఆ సంగతి. నీతో అనకుండా దానితో అనడం వల్ల గొడవ మనిషి మీదికి పోకుండా సంగతి మీద నిలుస్తుంది.

భయం, కోపం, సిగ్గు, బెంగ లాంటివాటిని తోడుగా ఉన్నట్టు చెప్పడం కూడా అక్కడి పద్ధతి. 'ష్తో కొం మేదు' అంటే భయంతో ఉన్నాను. మనం 'భయంతో ఉన్న', 'కోపం మీదున్న' అన్నట్టే. ఇక లోపలిదంతా వెళ్లగక్కడానికి వాళ్లకు ప్రత్యేకంగా ఒక క్రియే ఉంది: 'దెజబఫార్'. పోర్చుగల్‌లో 'ప్రిసీజు ద్ దెజబఫార్', అంటే కాస్త మనసు విప్పి చెప్పుకోవాలి. ఈ మాటంటే అవతలివాళ్లు సలహా ఇవ్వడం ఆపి చెవి ఇస్తారు. దగ్గరి స్నేహితులతో వాడదగ్గది. ఇంగ్లీషులో 'కెన్ ఐ వెంట్?' ఉంది కానీ అందులో విసుగు పాలు ఎక్కువ, దుఃఖం పాలు తక్కువ.

అయితే పోర్చుగీసువాళ్లంతా గుండె చేతిలో పెట్టుకుని తిరుగుతారనుకోకండి. పోర్చుగల్‌లో పెద్దవాళ్లని ఎట్లా ఉన్నారని అడిగితే 'వాయ్-స్ అందాందు' అంటారు. మనోళ్లు "ఎట్లున్నవ్?" అంటే "గట్లనే, నడుస్తున్నది" అన్నట్టే, అచ్చం. దాని వెనక ఏముందో అడిగినవాడు ఇంకోసారి అడిగితేనే తెలుస్తుంది.

దాచాల్సింది మనిషినైతే

ఇది చాలామందికి తట్టదు, కానీ అసలు సంగతి ఇక్కడే ఉంది. కొన్నిసార్లు మనం భావాన్ని దాచుకోం, మనిషిని దాచుకుంటాం. 'నిన్న ఒకరు వచ్చి పోయారు. పోయిన తర్వాత మనసు బాగాలేదు.' వచ్చింది మగమనిషా, ఆడమనిషా?

తెలుగులో కర్త పేరు ఎత్తకపోయినా క్రియ పట్టిస్తుంది. వచ్చిండు అంటే ఒకటి, వచ్చింది అంటే ఒకటి. దాచాలంటే 'వచ్చారు' అని గౌరవం చాటుకు పోవాలి. మన ఇళ్లల్లో పెద్దమనుషులు ఈ పని బ్రహ్మాండంగా చేస్తారు: "వాళ్లు వచ్చిండ్రు, మాట్లాడిండ్రు." ఇంగ్లీషులో క్రియ ఏమీ చెప్పదు గానీ 'హీ' అనో 'షీ' అనో అనక తప్పదు. 'సంవన్' అని మొదలుపెట్టి 'దే' అంటూ లాక్కుపోవచ్చు. ఇప్పుడది మామూలే, కానీ నాలుగో వాక్యానికి వినేవాడికి అనుమానం మొదలవుతుంది.

పోర్చుగీసులో కర్తను వదిలేయవచ్చు, క్రియలో ఆడా మగా తేడా ఉండదు. 'వెయు' అంటే వచ్చాడు, వచ్చింది రెండూ. ఇంకా దాచాలంటే 'ఊమ పెస్సోవ' అనండి, ఒక మనిషి అని. ఆ మాట వ్యాకరణంలో ఎప్పుడూ స్త్రీలింగమే కాబట్టి దాని వెంట వచ్చే విశేషణాలన్నీ స్త్రీలింగంలోనే నడుస్తాయి, మనిషి మగవాడైనా సరే. అంటే మూడో మనిషిని దాచడానికి ఈ మూడు భాషల్లో పోర్చుగీసే గట్టిది.

దీనికి తిరకాసు ఒకటుంది. మీరు ఆడో మగో మాత్రం దాచలేరు. అలసిపోయాను అనాలంటే మగవాళ్లు 'కన్సాదు', ఆడవాళ్లు 'కన్సాద'. థాంక్స్ చెప్పడంలోనూ అంతే, 'ఒబ్రిగాదు', 'ఒబ్రిగాద'. పేరు లేకుండా ఎక్కడైనా గోడు చెప్పుకోవాలనుకుంటే, ఆడో మగో తెలియకూడదనుకుంటే, అక్కడ ఇంగ్లీషే సేఫ్.

సావు మాట

ఒక పిల్లాడి సంగతి చెబుతాను. దేవరకొండ దగ్గర తండా. ఒదెమీరాలో రాస్‌బెర్రీలు కోసే పని. నాయనమ్మ పోయింది. ఇక్కడ పొద్దున్నే పాడె లేస్తుంటే తమ్ముడు వీడియో కాల్ పెట్టాడు. అక్కడ ఇంకా తెల్లవారలేదు, బంకు మంచాల మీద మిగతావాళ్లు నిద్రలో ఉన్నారు. వీడు దుప్పటి కప్పుకుని లోపల ఫోన్ పెట్టుకుని చూశాడు. దారిలో పాడె దించి చెవిలో పిలిచేటప్పుడు సిగ్నల్ పోయింది. తర్వాత లేచి ముఖం కడుక్కుని వ్యాన్ ఎక్కాడు. షెడ్డులో సూపర్‌వైజర్ ఆమె రోజూ అడిగినట్టే 'తూదు బెంయ్?' అంది, అంతా బాగేనా అని. వీడు కూడా 'తూదు బెంయ్' అన్నాడు. సాయంత్రం దాకా పండ్లు కోశాడు. తెల్లారి ఎవరో చెబితే ఆమెకు తెలిసి వీడి మీద కేకలేసిందట, ఎందుకు చెప్పలేదని.

ఆ కేకలకు కారణం ఉంది. పోర్చుగల్ కార్మిక చట్టం ప్రకారం అమ్మానాన్నలు చనిపోతే ఉద్యోగికి 5 రోజులు, తాత నాయనమ్మ అమ్మమ్మలు పోతే 2 రోజులు సెలవు హక్కుగా వస్తుంది. బ్రెజిల్ చట్టంలోనూ ఇలాంటి దగ్గరి బంధువులు పోతే 2 రోజులు ఉంది. ఊరికి వచ్చే అవకాశం లేకున్నా ఆ రెండు రోజులు కూర్చుని ఏడ్చుకునేందుకు దొరికేవి. 'తూదు బెంయ్' అన్న ఒక్క మాటకు అవి పోయాయి.

ఇలాంటిచోట ఇంగ్లీషు వెతుక్కోవద్దు. ఆ సూపర్‌వైజర్‌కు ఇంగ్లీషు అంతంత మాత్రమే, మీకు 'పాస్డ్ అవే' అని మెత్తగా చెప్పాలన్న తాపత్రయం. పొట్టి పోర్చుగీసు చాలు. 'అవో' అంటే నాయనమ్మ, తాత ఇద్దరూ. 'ఓ'ను నోరు తెరిచి పలికితే ఒకరు, ముడిచి పలికితే ఇంకొకరు. మన నోటికి ఆ తేడా పట్టడం కష్టం. అందుకే చుట్టు తిప్పి చెప్పండి: 'అ మాంయ్ దు మెవు పాయ్ మొర్రెవు', మా నాన్న వాళ్లమ్మ చనిపోయింది. తర్వాత 'ష్తో ముయింతు ఎంయ్ బాయ్‌షు', బాగా కుంగిపోయి ఉన్నాను. చాలు. రెండు వాక్యాలు.

అవతలివాళ్ల ఇంట్లో చావు జరిగితే పొరపాటు ఇంకోరకం. ఇంగ్లీషులో 'సారీ' ఒకటే క్షమాపణకూ పనికొస్తుంది, పరామర్శకూ పనికొస్తుంది. దాన్ని పోర్చుగీసులోకి తిప్పి 'దెష్కుల్ప' అన్నారంటే మీరేదో తప్పు చేసి మన్నించమన్నట్టు ఉంటుంది. చావు ఇంట్లో అనాల్సింది 'ఉజ్ మెవుష్ సెంతిమెంతుష్'. బ్రెజిల్‌లో 'సింతు ముయింతు' అన్నా సరిపోతుంది. ఆ తర్వాత మాట్లాడకుండా కాసేపు కూర్చోండి. అది ఎట్లా చేయాలో మన ఊళ్లవాళ్లకు ఒకరు నేర్పనక్కర్లేదు.

యాది, ఇష్టం, కోపం

ఇంటి మీద బెంగకు పోర్చుగీసువాళ్ల మాట 'సౌదాద్' లోకమంతా పేరుపడింది. వాళ్ల ఫాదో పాటల్లో సగం దాని చుట్టే తిరుగుతాయి. ఫాదోను యునెస్కో 2011లో వారసత్వ కళల జాబితాలో చేర్చింది. మనకు 'యాది' ఉన్నది కాబట్టి ఆశ్చర్యపోయే పని లేదు. వాడే పద్ధతి తెలిస్తే చాలు. 'తెన్యు సౌదాద్‌ష్ ద కాజ', ఇల్లు యాదికొస్తున్నది. మనుషులకే కాదు, తిండికి, ఊరికి, జాతరకు దేనికైనా వాడతారు. కురుమూర్తి జాతర నాడు మీరు లిస్బన్‌లో ఉండి ఈ మాటంటే వినేవాళ్లు వివరం అడక్కుండానే తల ఊపుతారు. ఇంగ్లీషులో 'ఐ మిస్ హోమ్' కూడా మంచి మాటే, కానీ మనం 'మిస్ యూ'ను బస్టాండులో టాటా చెప్పినంత సులువుగా వాడి అరగదీశాం. నిజంగా బెంగ పడ్డప్పుడు దాంట్లో బలం ఉండదు. బెంగకు నా ఓటు పోర్చుగీసుకు, ఆలోచించాల్సిందే లేదు.

ఇష్టం విషయానికి వస్తే జాగ్రత్తగా మెట్లు ఎక్కాలి. పోర్చుగల్‌లో 'ఆము-త్' చాలా బరువైన మాట, తొందరగా అనరు. 'గోష్తు ద్ తి' అంటే నువ్వంటే ఇష్టం. అది స్నేహానికీ సరిపోతుంది, ప్రేమకూ సరిపోతుంది. అవతలివాళ్ల ముఖం చూసి ముందుకు పోవచ్చు, వెనక్కీ రావచ్చు. మొదటిసారి చెప్పేవాడికి ఇంతకంటే అక్కరకొచ్చే మాట ఇంగ్లీషులో లేదు. 'ఐ లైక్ యూ' అన్నాక వెనక్కి రావడం కొంచెం చిన్నతనంగా ఉంటుంది. బ్రెజిల్‌లో మాత్రం 'చి ఆము' అని అమ్మతో, దోస్తులతో, పిన్నితో కూడా తేలిగ్గా అంటారు. కాబట్టి బ్రెజిల్ అమ్మాయి ఆ మాట అన్నదని మిర్యాలగూడలో పెళ్లి మాటలు మొదలుపెట్టకండి.

మెసేజ్ చివర్లో వచ్చే 'బెయ్‌జిన్యుష్' కూడా అలాంటిదే. అక్షరాలా చిన్న ముద్దులు. పోర్చుగల్‌లో పరిచయస్తురాలు, క్లాసులో పక్కన కూర్చునే ఆవిడ, కొన్ని ఆఫీసుల్లో తోటి ఉద్యోగిని కూడా అలా ముగిస్తారు. 'ఉంటా మరి' అన్నంతే. మగవాళ్లు మగవాళ్లకు 'అబ్రాసు' రాస్తారు, ఆలింగనం అని. ఆ 'ముద్దులు' చూసి మా విద్యార్థి ఒకడు రెండు రోజులు తిండి తినలేదు.

కోపానికి ముందే చెప్పాను, ఇంగ్లీషు, రాతలో. మాటల్లో పోర్చుగీసు వాడాల్సి వస్తే రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. 'నెర్వోజు' అంటే టెన్షన్ అనుకుని వాడతారు. బ్రెజిల్‌లో అది కోపం వచ్చిందన్న అర్థంలోనూ నడుస్తుంది. ఆడిట్ ముందు మీరు టెన్షన్ పడుతూ ఆ మాట అంటే, ఎవరి మీద కోపం అని అడగవచ్చు. ఇక 'ఎక్సైటెడ్' అనే ఇంగ్లీషు మాటను నేరుగా 'ఎసితాదు' అని మార్చి వాడనే వద్దు. అక్కడ అది శృంగార సంబంధమైన మాటగా వినబడుతుంది. ఉత్సాహంగా ఉన్నాను అనడానికి 'అనిమాదు', 'అనిమాద' అనండి.

నువ్వు, మీరు

ఇంగ్లీషులో 'యూ' ఒక్కటే, దూరం తగ్గిందో పెరిగిందో దానితో తెలియదు. పోర్చుగల్‌లో 'తు' మన నువ్వు. పెద్దావిడకు 'అ సెన్యోర', పెద్దాయనకు 'ఉ సెన్యోర్'. మధ్యలో 'వొసే' ఉంది. బ్రెజిల్‌లో చాలాచోట్ల అందరికీ అదే వాడతారు, పోర్చుగల్‌లో మాత్రం అది కొంచెం ముక్కుసూటిగా, కొందరికి అమర్యాదగా తగులుతుంది. ఇంటి ఓనరమ్మ ఒకరోజు 'నన్ను తు అని పిలువు' అన్నదంటే అది మీకు గుర్తు. అప్పటిదాకా చెప్పుకోలేని కష్టం అప్పుడు చెప్పుకోవచ్చు. మనం అత్తా అనో అక్కా అనో పిలవడం మొదలుపెట్టిన తర్వాతే కదా అసలు మాటలు మాట్లాడేది.

ఏ దేశపు పోర్చుగీసు నేర్చుకోవాలి అంటే ఎవరితో మాట్లాడాలో వాళ్లది. సంఖ్యలో బ్రెజిల్‌దే పైచేయి, 2022 జనాభా లెక్కల ప్రకారం 20 కోట్లకు పైనే. వాళ్లు అక్షరాలను పూర్తిగా పలుకుతారు కాబట్టి మన చెవికి సులువు. పోర్చుగల్‌వాళ్లు అచ్చులు మింగేస్తారు. పోర్చుగల్‌లో ఉండేవాళ్లకు సర్కారు నడిపే భాషా తరగతులున్నాయి, వలస వచ్చినవాళ్ల కోసమే. పౌరసత్వం కోసం ఏ2 స్థాయి (యూరప్ భాషా మెట్లలో కింది నుంచి రెండోది) పరీక్ష రాసేవాళ్లు ఎట్లాగూ ఆ చదువు చదువుతారు. ఏ2 వస్తే బెంగా బాధా చెప్పుకోవడానికి సరిపోతుంది. అలక తీర్చడానికి సరిపోదు, దానికి ఇంకా చాలా కావాలి.

పోర్చుగీసు మనకు మరీ పరాయిదేం కాదు. అల్మారా, తువ్వాలు, బొత్తాం అక్కణ్నుంచి వచ్చినవే. పాలమూరు కూలీలను దేశమంతా తిప్పిన మేస్త్రి పేరు కూడా ఆ భాషదే, అక్కడ 'మెష్త్ర్' అంటే గురువు, పనిలో ఆరితేరినవాడు. మన వైపు ఆ పేరు మోసినవాళ్లందరికీ ఆ అర్థం తగ్గట్టు ఉన్నదా అన్నది వేరే చర్చ.

రెండూ వచ్చిన మనిషి ఏం చేశాడు

రెండు భాషలూ సమానంగా వస్తే ఎంపిక ఎట్లా ఉంటుందో చూడాలంటే కవి ఫెర్నాందు పెస్సోవ ఉన్నాడు. 1888లో లిస్బన్‌లో పుట్టి, చిన్నప్పుడు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఇంగ్లీషు చదువు చదివాడు. ఇంటిపేరుకు అర్థం మనిషి అనే. ఈయనేమో వేరేవేరే పేర్లతో, వేరేవేరే మనుషులుగా కవిత్వం రాశాడు. లిస్బన్‌లో వ్యాపార సంస్థలకు విదేశీ ఉత్తరాలు రాసిపెట్టి బతికాడు. ఇంగ్లీషు కవితలు 1918లో అచ్చువేసుకున్నాడు. ప్రేమలేఖలు మాత్రం పోర్చుగీసులో రాశాడు. 1935 నవంబరులో ఆసుపత్రి మంచం మీద రాసిన చివరి వాక్యం ఇంగ్లీషులో ఉంది. అంటే ఇంగ్లీషు తలకు, పోర్చుగీసు గుండెకు అని గీత గీసేయడం కుదరదు. నేను పైన చెప్పినవన్నీ మన లాంటివాళ్లకు, రెండింటిలో ఏదీ ఇంటి భాష కానివాళ్లకు.

రెండూ వద్దనుకోవాల్సిన చోటు

నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని లేదన్నంత దాకా వస్తే భాష నేర్చుకుంటూ కూర్చోవద్దు. ఆ మాట వీలైనంతవరకు తెలుగులోనే రావాలి. మన దగ్గరుంటే సర్కారు మానసిక సహాయ ఫోన్ లైన్ టెలి మానస్ 14416, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడొచ్చు. పోర్చుగల్‌లో సర్కారు ఆరోగ్య ఫోన్ లైన్ ఎస్‌ఎన్‌ఎస్ 24 నంబరు 808 24 24 24, అందులో మానసిక సలహా కూడా ఉంది. బ్రెజిల్‌లో 188, బ్రిటన్‌లో 116 123, అమెరికాలో 988. అక్కడ ఫోన్ చేసినప్పుడు ఇంగ్లీషైనా పోర్చుగీసైనా వచ్చిన రెండు ముక్కలే మాట్లాడండి, వ్యాకరణం ఎవరూ చూడరు. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు భాష వచ్చిన స్నేహితుణ్ని తీసుకుపోతారు చాలామంది. శరీరం నొప్పులకు ఆ పద్ధతి బాగానే ఉంటుంది. మనసు నొప్పికి ఆ స్నేహితుడి ముందు చెప్పలేనిది ఉండొచ్చు. అలాంటప్పుడు లక్షణాలను ముందే తెలుగులో రాసుకుని, తిప్పించుకుని, కాగితం చేతికివ్వడం మేలు.

తిప్పించుకోవడం అంటే ఫోన్లో యాప్‌తోనే కదా. దాంట్లో భాష ఎంచుకునేటప్పుడు బ్రెజిల్ పోర్చుగీసు, పోర్చుగల్ పోర్చుగీసు విడివిడిగా ఉంటే మీకు కావాల్సింది నొక్కండి. తెలుగులో పొట్టి వాక్యాలు, సూటిగా రాయండి. 'కడుపులో దేవినట్టుంది', 'పానం మంచిగ లేదు' లాంటివి పెడితే కడుపునొప్పి మందు రాసిస్తారు. మీరు ఆడవాళ్లైతే యాప్ ఇచ్చిన వాక్యంలో మీ గురించి చెప్పే మాట చివర 'దు' ఉందేమో చూసి 'ద' చేసుకోండి. అది అడక్కుండా చాలాసార్లు మగవాడి రూపమే ఇచ్చేస్తుంది.